అట్టపెట్టెలో వెన్నెల

ఏటికొప్పాక లక్కబొమ్మ కావచ్చు, ఇంట్లో చేసిన మట్టి జుమ్కీలు కావచ్చు... ఫోనులో కొనేవాళ్లు ముందు చూసేది వస్తువును కాదు, దాని ఫొటోని. ఆ ఫొటో బాగా రావాలంటే ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఓ ఖాళీ అట్టపెట్టె, నాలుగు ట్రేసింగ్ పేపర్లు, రెండు దీపాలు చాలు!

‘ముంజేతి కంకణానికి అద్దమెందుకు’ అని సామెత. చేతికున్న కంకణాన్ని చూసుకోడానికి అద్దం అక్కర్లేదు, నిజమే. కానీ అది తయారైంది కరీంనగర్‌లో, కొనాలనుకుంటున్నావిడ ఉండేది కాకినాడలో అయితే? మధ్యలో అద్దం లాంటిదేదో ఒకటి కావాల్సిందే. ఇప్పుడా అద్దం ఫొటో!

ఒకప్పుడు చేతివృత్తుల వస్తువులు కొనాలంటే లేపాక్షి షోరూమ్‌కో, శిల్పారామానికో, ఊళ్లో పెట్టిన ఎగ్జిబిషన్‌కో వెళ్లేవారు. బొమ్మను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసి, బేరమాడి మరీ కొనేవారు. ఆ అమ్మకాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి తోడు ఫోను కూడా ఓ అంగడైపోయింది. వాట్సాప్ స్టేటస్‌లో మట్టి జుమ్కీలు, ఇన్‌స్టాగ్రామ్‌లో క్రోషె సంచులు, ఆన్‌లైన్ దుకాణాల్లో కొండపల్లి అంబారీ ఏనుగులు... అక్కడ తాకి చూసే వీల్లేదు. వేళ్లు చేయాల్సిన పని కూడా కళ్లే చేయాలి.

తీరా ఆ ఫొటోలు చూస్తే, చాలావాటిలో వస్తువు కన్నా వెనకున్న పూల దుప్పటే బాగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ వెలుగులో సగం బొమ్మ నీడలోనే ఉండిపోతుంది. ఫ్లాష్ వేస్తే లక్కబొమ్మ బుగ్గ మీద తెల్లటి మచ్చ. రెండు రోజులు కూర్చుని చేసిన వస్తువుకి రెండు సెకన్లలో తీసిన ఫొటో చేసే అన్యాయం ఇది.

అన్యాయం అక్కడితో ఆగదు. పార్సిల్ చేరిన మర్నాడు మెసేజ్ వస్తుంది... ‘అదేంటండీ, ఫొటోలో మెరూన్‌లా ఉంది, ఇక్కడికొచ్చేసరికి ఎరుపైంది?’ అని. ‘అదే రంగు మేడమ్, ఫొటోలో అలా పడింది’ అంటే ఎవరు నమ్ముతారు? వెనక్కి తెప్పించుకోవాలి, కొరియర్ ఖర్చు భరించాలి. రెండొందల రూపాయల జుమ్కీల మీద మిగిలే నాలుగు డబ్బులూ ఆ రాకపోకలకే సరి. ఇంటిపట్టున ఉండి నాలుగు రూపాయలు సంపాదించుకుందామనుకున్న గృహిణికైనా, తాతల నాటి పనినే నమ్ముకున్న కళాకారుడికైనా ఇది చిన్న దెబ్బ కాదు.

దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఫొటోగ్రాఫర్లు దాన్ని లైట్ టెంట్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే వెలుగుల డేరా. మిక్సీ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె అటక మీద ఉంటే ఈ ఆదివారమే చేసుకోవచ్చు.

మబ్బుని పెట్టెలో పెట్టడమే!

చేసేముందు అసలు కిటుకేమిటో తెలుసుకోవాలి. అది తెలిస్తే పెట్టె కాస్త వంకరగా కుదిరినా ఫొటో చక్కగా వస్తుంది.

మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. మబ్బు పట్టిన రోజున నీడ ఉందో లేదో కూడా తెలియదు. రెండు రోజులూ ఉన్నది ఒకే సూర్యుడు. మరి తేడా ఎందుకు? సూర్యుడు ఎంత పెద్దవాడైనా కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి ఆకాశంలో చిన్న బిళ్లలాగే కనిపిస్తాడు. అంత చిన్నచోటు నుంచి వచ్చే వెలుగు ఒకే దిక్కు నుంచి పడుతుంది, అందుకే నీడ గట్టిగా ఉంటుంది. మబ్బు అడ్డమొస్తే ఆ వెలుగు ఆకాశమంతా పరుచుకుంటుంది. అన్ని వైపుల నుంచీ వచ్చి ఒకదాని నీడను మరొకటి తుడిచేస్తుంది.

సూత్రం ఇంతే. దీపం ఎంత పెద్దదన్నది కాదు, వస్తువుకి అది ఎంత పెద్దగా కనిపిస్తుందన్నదే లెక్క. బల్బుకీ బొమ్మకీ మధ్య ఓ ట్రేసింగ్ పేపర్ అడ్డం పెడితే ఆ కాగితమంతా వెలుగుతుంది. అప్పుడు బొమ్మకి దీపం బల్బు కాదు, అడుగు పొడవున్న ఆ కాగితం. మూడంగుళాల బొమ్మకి అడుగు కాగితమంటే సగం ఆకాశం కిందే లెక్క! అలాంటి కాగితాలు మూడు వైపులా కట్టేస్తే బొమ్మ చుట్టూ ఓ చిన్న మబ్బును తెచ్చి పెట్టినట్టే.

ఇది కొత్తగా పుట్టిన చింత కూడా కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన తొలిరోజుల్లోనే బ్రిటన్‌కు చెందిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అలమరలో వరసగా పేర్చిన పింగాణీ సామాన్ల ఫొటో తీశాడు. 1844 నుంచి 1846 దాకా భాగాలుగా వెలువడిన ‘ద పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే పుస్తకంలో అదీ ఉంది. రేపెప్పుడైనా ఆ సామాన్లు దొంగలెత్తుకెళితే ఈ ఫొటోని కోర్టులో సాక్ష్యంగా చూపించవచ్చన్నది ఆయన ఆలోచన. అంటే వస్తువు ఫొటోకి మొదటి నుంచీ ఉన్న పని సాక్ష్యం చెప్పడమే. కరెంటు దీపాలు రాకముందు స్టూడియోల్లోనూ పైకప్పుకి అద్దాలు బిగించి, తెరలు అటూ ఇటూ లాగుతూ వెలుగును మెత్తబరిచేవారు. ఈ అట్టపెట్టె ఆ స్టూడియోకి మునిమనవరాలు అనుకోవచ్చు.

కావాల్సినవి

* పదిహేను నుంచి పద్దెనిమిది అంగుళాల అట్టపెట్టె ఒకటి. ఫొటో తీసే వస్తువు పెట్టెలో మూడో వంతుకి మించకూడదు. అడుగు ఎత్తు బొమ్మలు తీయాలంటే ఇంకా పెద్ద పెట్టె చూసుకోవాలి.
* ట్రేసింగ్ పేపర్లు మూడు నాలుగు. లేదా పలుచటి తెల్ల మల్లుగుడ్డ.
* తెల్ల డ్రాయింగ్ షీటు పెద్దది ఒకటి. మెరుపు లేనిది కావాలి. నలుపు, ముదురు నీలం చార్టులు ఒక్కొక్కటి.
* ఒకే కంపెనీ, ఒకే వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు. వాటిని పెట్టడానికి టేబుల్ ల్యాంపులో, హోల్డర్లో.
* స్కేలు, పెన్సిలు, కట్టర్, సెల్లోటేపు. చిన్న థర్మాకోల్ ముక్క.

దీపాలు ఇంట్లోనే ఉంటే మిగతావాటికయ్యే ఖర్చు తక్కువే. స్కూలుకెళ్లే పిల్లలున్న ఇంట్లో వీటిలో సగం వాళ్ల ప్రాజెక్టు సామాన్లలోనే దొరుకుతాయి.

చేసే విధానం

పెట్టెను నోరు మనవైపు ఉండేలా పక్కకి పడుకోబెట్టాలి. నోటి దగ్గరున్న రెక్కలు కోసేయాలి. ఇప్పుడు కుడి, ఎడమ, పై గోడల మీద అంచుల నుంచి రెండేసి అంగుళాలు వదిలి స్కేలుతో గీతలు గీసుకోవాలి. ఆ గీతల వెంబడి కట్టర్‌తో కోస్తే మూడు కిటికీలు తయారవుతాయి. వెనక గోడ, కింది భాగం అలాగే ఉంచాలి. అంచులు మరీ సన్నగా కోస్తే పెట్టె నిలబడదు. కోతపని పెద్దవాళ్లే చేయాలి. కట్టర్‌ని మనవైపు లాక్కుంటూ కాకుండా పక్కకి కదిలిస్తే వేళ్లు భద్రం.

మూడు కిటికీలకూ బయటి వైపు నుంచి ట్రేసింగ్ పేపర్ అంటించాలి. ముడతలు పడకుండా డప్పు మీద తోలులా బిగువుగా ఉండాలి. గుడ్డ వాడేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఉతికి నీలం పెట్టిన గుడ్డ వద్దు. కంటికి మల్లెపువ్వులా ఉన్నా దాన్లోంచి వచ్చే వెలుగులో నీలి ఛాయ కలుస్తుంది. పాల తెలుపు కనిపించినా సరే, రంగు కలిసిన పాలిథిన్ కవర్లూ పనికిరావు.

లోపల మిగిలిన అట్ట కనిపించకుండా తెల్లకాగితం అంటించాలి. అట్ట రంగు వెలుగులో కలిస్తే తెల్లబొమ్మ టీ తాగినట్టు కనిపిస్తుంది!

ఇక డ్రాయింగ్ షీటు. దీన్ని పెట్టె వెడల్పుకి సరిపడా కోసి, పై అంచును వెనక గోడకి పైభాగాన అంటించాలి. అక్కడి నుంచి కిందికి జార్చి, మూల దగ్గర మడత పడకుండా జారుడుబల్లలా వంపు తిప్పి, ముందువైపుకి పరవాలి. వెనక గోడ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియకూడదు. బొమ్మ తెల్లటి శూన్యంలో నిలబడినట్టు కనిపించేది ఈ వంపు వల్లే. ఒక్క మడత పడిందా... ఫొటోలో అడ్డంగా గీత తప్పదు.

దీపాలు కుడి ఎడమ కిటికీలకి బయట, జానెడు దూరంలో పెట్టాలి. మరీ దగ్గరగా పెడితే కాగితం మధ్యలో మాత్రమే వెలుగుతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. కాస్త జరిపితే కాగితమంతా సమంగా వెలుగుతుంది. మూడో దీపం ఉంటే పైన. పాతరకం ఫిలమెంటు బల్బులు, హాలోజెన్ దీపాలు మాత్రం వద్దే వద్దు. అవి పొయ్యిలా వేడెక్కుతాయి. పక్కనే ఉన్నది కాగితం, అట్ట! ఎల్ఈడీ అయినా కాగితానికి ఆనించకూడదు, వెలిగించి వదిలేసి వెళ్లకూడదు.

పసుపు, నీలం పేచీ

పెట్టె తయారైంది. బొమ్మ పెట్టారు, దీపాలు వెలిగించారు, ఫొటో తీశారు. కాగితం తెల్లగా రాలేదు. పసుపో, నీలమో, బూడిదరంగో వచ్చింది. చాలామంది ఇక్కడే నీరసపడిపోతారు.

మన కన్ను మహా సర్దుబాటు మనిషి. పసుపు బల్బు కింద చూసినా తెల్లకాగితాన్ని తెలుపు అనే అనుకుంటుంది. కెమెరాకి అంత మొహమాటం లేదు, ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పాత ఫిలమెంటు బల్బు వెలుగు 2700 కెల్విన్ల దగ్గర ఉంటుంది, అంటే పసుపు. మధ్యాహ్నపు ఎండ సుమారు 5500. ‘కూల్ డేలైట్’ అని రాసి ఉండే ఎల్ఈడీలు 6500, కాస్త నీలం. ఈ అంకె బల్బు డబ్బా మీదే ఉంటుంది. ఏ రకమైనా ఫర్వాలేదు కానీ అన్నీ ఒకే రకమై ఉండాలి. ఓ పక్క పసుపు, మరోపక్క నీలం పడితే దాన్ని ఏ యాప్‌లోనూ సరిచేయలేం. అందుకే గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయాలి, కిటికీ తలుపులు మూసేయాలి. పెట్టె దీపాలు మాత్రమే వెలగాలి.

ఆ తర్వాత ఫోనులో వైట్ బ్యాలెన్స్ చూసుకోవాలి. కొన్ని ఫోన్లలో ‘ప్రో’ మోడ్‌లో ఇది దొరుకుతుంది. బొమ్మ లేకుండా తెల్లకాగితాన్ని మాత్రమే చూస్తూ, అది తెల్లగా కనిపించేదాకా ఆ అంకెను జరపాలి. తర్వాత ఇక కదపకూడదు. ఆ సదుపాయం లేని ఫోన్లలో ఫొటో తీశాక ఎడిట్‌లో ‘వార్మ్‌త్’ అనే మీటను కాగితం తెల్లబడేదాకా జరిపితే సరి.

బల్బు డబ్బా మీద కొన్నిసార్లు సీఆర్ఐ అని మరో అంకె ఉంటుంది. ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత అది. నూటికి వేసే మార్కులనుకోవచ్చు. మామూలు ఎల్ఈడీలకు 80 దగ్గర ఉంటుంది. 90 దాటినవి దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనుక్కోవడం మంచిది. తక్కువ మార్కుల దీపాల కింద ముందు చచ్చిపోయేది ఎరుపు. కుంకుమరంగు, మెరూన్, తామ్రం... మన వస్తువుల్లో ఎక్కువ ఉండేవి అవే కదా!

ఇక బూడిదరంగు సంగతి. కెమెరా తన ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం వెలుతురులో ఉండాలని లెక్క వేసుకుంటుంది. ఎదురుగా ఉన్నదంతా తెలుపే అయితే ‘వెలుగు మరీ ఎక్కువైంది’ అనుకుని తగ్గించేస్తుంది. అందుకే తెల్లకాగితం మాసినట్టు వస్తుంది. చాలా ఫోన్లలో బొమ్మ మీద వేలితో తాకి పట్టుకుంటే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని మెల్లగా పైకి జరపాలి. కాగితం తెల్లబడుతుంది. బొమ్మ మీదున్న లేతరంగులు కూడా తెల్లబడిపోతున్నాయనిపించిన చోట ఆగాలి. ఆ ఆగడమే పనితనం.

ఏటికొప్పాకకి ఒకటి, కొండపల్లికి ఒకటి

ఒక్క పెట్టె ఉన్నంత మాత్రాన అన్ని వస్తువులకీ ఒకే వెలుగు పనికిరాదు. అన్ని కూరలకీ ఒకే తిరగమోత వేయం కదా!

*లక్కబొమ్మలు:* అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. చెట్ల గింజలు, వేళ్లు, బెరడు, ఆకుల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలిపి అద్దుతారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాల్లో ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగింది ఈ బొమ్మలే. వీటి గొప్పంతా ఆ రంగుల్లోనే ఉంది. తేడా దీపం కింద ఆ నిండు పసుపు పచ్చదనానికి తిరిగిందంటే అన్నేళ్ల కష్టమూ ఫొటోలో పోయినట్టే. పైగా లక్క నున్నగా మెరుస్తుంది, ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా చూపిస్తుంది. మామూలు గదిలో బల్బు మచ్చలా పడేది, పెట్టెలో పొడవాటి తెల్లటి మెరుపుగా మారుతుంది. ఆ మెరుపే బొమ్మ గుండ్రంగా ఉందని చెబుతుంది. రెండు పక్కలా సమానంగా మెరుస్తుంటే ఒక దీపాన్ని రెట్టింపు దూరం జరపాలి. ఆ పక్క వెలుగు బాగా తగ్గి, బొమ్మకి నిండుదనం వస్తుంది.

*కొండపల్లి బొమ్మలు:* తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్లూ విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి తయారుచేస్తారు. చెక్కడంలోనే అందమంతా. ఇక్కడ రెండు వైపులా సమానంగా వెలుగు పడితే ఆ చెక్కడం చదునైపోయి బొమ్మ కాగితం మీద గీసినట్టు కనిపిస్తుంది. ఒక దీపం ఆపేసి, ఆ పక్క పెట్టె లోపల థర్మాకోల్ ముక్క నిలబెట్టాలి. వెలుగు ఒక వైపు నుంచి వచ్చి, థర్మాకోల్‌ని తాకి రెండో వైపు మెత్తగా పడుతుంది. తలపాగా మడతలు, ఏనుగు తొండం వంపు లేచి కనిపిస్తాయి. నీడ శత్రువు కాదు, గట్టి నీడే శత్రువు.

*వెండి నగిషీ:* కరీంనగర్ ఫిలిగ్రీ పనిలో వెంట్రుకల్లాంటి వెండి తీగల్ని మెలితిప్పి, చుట్టలు చుట్టి అతుకుతారు. వెండి పక్కా అద్దం. తీసేవాళ్ల చొక్కా రంగు కూడా అందులో కనిపిస్తుంది! అందుకే పెట్టె నోటికి కూడా తెల్లకాగితం కట్టి, ఫోను లెన్సు పట్టేంత కన్నం మాత్రం వదలాలి. అప్పుడు మరో పేచీ. చుట్టూ తెలుపే అయ్యేసరికి వెండి అంచులు తెలుపులో కలిసిపోతాయి. ఫొటోలో పడకుండా రెండు పక్కలా రెండు వేళ్ల వెడల్పు నల్లకాగితం పట్టీలు నిలబెడితే అంచుల వెంట సన్నటి నల్లగీత వస్తుంది. తీగ తీగా లెక్కపెట్టుకోవచ్చు.

*లేసులు:* నర్సాపురం పరిసరాల్లో మహిళలు ఇళ్ల దగ్గర కూర్చుని అల్లే క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తెల్ల లేసును తెల్లకాగితం మీద పెడితే ఏముంది, పాలలో ముత్యమే! ముదురు నీలం చార్టు వాడాలి. పెట్టెను వెల్లకిలా తిప్పి నోరు పైకి వచ్చేలా పెడితే లేసును కింద పరిచి పై నుంచి ఫొటో తీయొచ్చు. ఒకే పక్క నుంచి, బాగా కిందగా దీపం పెడితే దారపు ముడులు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి.

*మట్టి నగలు:* మెరుపుండదు కాబట్టి ఇవి మహా మంచి పిల్లలు, పేచీ పెట్టవు. జుమ్కీలను పడుకోబెట్టకుండా సన్నటి నైలాన్ దారంతో పై అంచు నుంచి వేలాడదీయాలి. ఫ్యాన్ ఆపడం మరచిపోకూడదు. ఉంగరాలు నిలబడకపోతే కింద చిటికెడు మైనం చాలు.

*గాజులు, పూసలు:* వెలుగు వీటి వెనక నుంచి రావాలి. దీపాన్ని వీలైనంత వెనక్కి జరిపితే గాజులోని రంగు దీపం పెట్టినట్టు వెలుగుతుంది.

క్లిక్ మనిపించేముందు

అన్నిటికన్నా ముందు లెన్సు తుడవాలి. వంటింట్లో తిరిగిన ఫోను మీద నూనె వేలిముద్ర ఒక్కటి చాలు, ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు రావడానికి. ఫ్లాష్, బ్యూటీ ఫిల్టర్ ఆపేయాలి.

ఫోనును పెట్టెలోకి దూర్చకూడదు. మరీ దగ్గరికెళితే ముందున్న భాగం ఉబ్బిపోయి, ఏనుగుకి తొండమే కనిపిస్తుంది. అడుగున్నర వెనక్కి జరిగి, 2x లెన్సు ఉన్న ఫోనైతే అది వాడాలి. పైనుంచి వంగి చూస్తూ కాకుండా బొమ్మ కళ్లకి ఎదురుగా ఫోను ఉంచాలి. ట్రైపాడ్ లేకపోతే పిల్లల పుస్తకాల దొంతర ఉండనే ఉంది. మూడు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తే ఫోను వణకదు. తెర మీద అడ్డంగా నల్లటి చారలు కదులుతుంటే అది ఫోను తప్పు కాదు. ఆ బల్బులు కంటికి తెలియకుండా మిణుకుమంటున్నాయన్నమాట. వాటిని మార్చాలి.

ఒక్కో వస్తువుకి ఐదు ఫొటోలు తీసుకుంటే ప్రశ్నలు తగ్గుతాయి. ముందు, పక్క, వెనక, పనితనం కనిపించేలా దగ్గరగా ఒకటి, అరచేతిలో పెట్టి ఒకటి. ఆ చివరిది అనవసరం అనుకోవద్దు. ‘ఇంత చిన్నదా!’ అనే ఫిర్యాదుకి మందు అదే. చెయ్యి వద్దనుకుంటే పక్కన రూపాయి బిళ్ల పెట్టినా చాలు. అమెజాన్ లాంటి చోట్ల అమ్మదలచినవాళ్లకి మరో సంగతి. అక్కడ మొదటి ఫొటోకి వెనక అచ్చమైన తెలుపే ఉండాలి, ఫొటోలో 85 శాతం వస్తువే నిండాలి. రూపాయి బిళ్లలూ అరచేతులూ రెండో ఫొటో నుంచే.

పెట్టె లేకపోయినా...

కరెంటు లేదనో, చోటు లేదనో ఆగక్కర్లేదు. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసి, కిటికీకి మల్లుగుడ్డ కట్టి, ఎదుటి పక్క థర్మాకోల్ నిలబెడితే అది సగం డేరా. ఉత్తరం వైపు కిటికీ అయితే ఎక్కువ సేపు వెలుగు ఒకేలా ఉంటుంది. మబ్బు పట్టిన రోజున వరండాలో ఏ హంగూ లేకుండానే మంచి ఫొటోలు వస్తాయి. ఉంగరాలు, ముక్కుపుడకల్లాంటి చిన్న వస్తువులకైతే పాల తెలుపు ప్లాస్టిక్ డబ్బా అడుగున కన్నం కోసి, వస్తువు మీద బోర్లించి, ఆ కన్నంలోంచి తీయొచ్చు. బయట దీపం పెడితే డబ్బానే డేరా!

ఫోనే అన్నీ చేసేస్తుంటే ఇదంతా ఎందుకు?

ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఈ మాట రానే వస్తుంది. ‘అమ్మా, యాప్‌లో ఒక్కసారి నొక్కితే వెనకున్నదంతా పోతుంది, ఇంత అవస్థ ఎందుకు?’ అని. పోతుంది, నిజమే. దానితోపాటు లేసులోని కన్నాలూ, ఫిలిగ్రీ తీగలూ కూడా కొన్నిసార్లు పోతాయి. వెనకున్న దుప్పటిని తీసేయగలదు కానీ, నీడలో పోయిన రంగు అసలేమిటో యాప్‌కి తెలియదు. తెలియనిచోట ఊహించి నింపుతుంది. కృత్రిమ మేధతో అయితే చేయని బొమ్మకి కూడా ఫొటో పుట్టించొచ్చు.

చేతితో చేసిన వస్తువుకి అదే చేటు. మెషీన్‌లో పోసిన వంద బొమ్మలూ ఒకేలా ఉంటాయి. చేతితో చేసిన రెండు బొమ్మలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ఓ బొమ్మకి బొట్టు కాస్త పక్కకి ఉంటుంది, ఓ జుమ్కీ మీద వేలి గుర్తు ఉంటుంది. కొనేవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తున్నది ఆ గుర్తుకే. దాన్ని చెరిపేసిన ఫొటో వస్తువును అందంగా చూపిస్తుందేమో కానీ, దాని వెలను తగ్గిస్తుంది. ఆ ఫొటోని నమ్మి కొన్నవాళ్లు పార్సిల్ విప్పాక ఇంకోసారి ఆ గడప తొక్కరు. డేరా పని వస్తువుకి లేని అందాన్ని అద్దడం కాదు, ఉన్న అందం కనిపించకుండా చేస్తున్న నీడల్ని తీసేయడం.

అందుకే ఫొటో పంపేముందు ఓ చిన్న పరీక్ష. వస్తువునీ, ఫోనులో దాని ఫొటోనీ పక్కపక్కన పెట్టి, అప్పటిదాకా అటువైపు రానివాళ్లని... పక్కింటి పిన్నిగారినో, బడి నుంచి వచ్చిన పిల్లాణ్నో పిలిచి ‘రెండూ ఒక్కలాగే ఉన్నాయా?’ అని అడగాలి. ఉన్నాయంటే పంపేయొచ్చు. ‘ఊఁ... కొంచెం...’ అని నసిగితే ఇంకా పని ఉందన్నమాట. దీపాన్ని ఓ అంగుళం అటో ఇటో జరిపి మళ్లీ తీయడమే. కాగితం పసుపెక్కితే మార్చుకుంటూ ఉంటే ఈ పెట్టె రెండు మూడు సంక్రాంతుల దాకా ఢోకా లేకుండా పనిచేస్తుంది!